నేను పోప్‌నయిన శనివారం

మాది ప్రొటెస్టెంట్ కుటుంబం, పోప్‌ని ఒప్పుకోని క్రైస్తవులం. కోస్తాలో మా ఊరి చర్చిలో పోప్ అన్న మాట మెచ్చుకోలుగా వినపడిన రోజు నాకు గుర్తులేదు. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, మిషిగన్‌లోని నోవైలో, మంచు దంచికొడుతున్న ఒక ఫిబ్రవరి శనివారం మధ్యాహ్నం, ఎనిమిదిమంది కార్డినల్స్ ఓట్లతో పోప్‌నయ్యాను. అట్టముక్కతో చేసిన మూడంతస్తుల కిరీటం కూడా నెత్తిన పెట్టారు. ఈ సంగతి తెలిసి మా తెలుగు చర్చిలో ఒక పెద్దావిడ, "పోనీలేమ్మా, ప్రేయర్‌లో పెడదాం," అన్నారు. ఆవిడ ఏమనుకున్నా సరే, నాకు మాత్రం ఆ మధ్యాహ్నం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

మొదటినుంచీ చెప్తాను.

అమెరికా రాకముందు నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పదకొండేళ్ళు హిస్టరీ లెక్చరర్‌ని. యూరప్‌లో సాంస్కృతిక పునరుజ్జీవనం అని ఒక పాఠం ఉండేది. బోర్డు మీద 'కారణాలు' అని ఒకవైపు, 'ఫలితాలు' అని ఒకవైపు రాసి నోట్స్ చెప్పేదాన్ని. పిల్లలు తలెత్తకుండా రాసుకునేవాళ్ళు. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చేది, వాళ్ళు ఆ జవాబే రాసేవాళ్ళు. ఆ కారణాల మధ్య, ఫలితాల మధ్య తిని, తిరిగి, ఒకరినొకరు తిట్టుకున్న మనుషులు ఉన్నారన్న సంగతి పిల్లలకే కాదు, నాకూ తట్టలేదు.

తర్వాత మా ఆయన ఉద్యోగం మీద ఇక్కడికొచ్చాం. ఆయన కార్ల కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాస్తారు. డిపెండెంట్ వీసా మీద వచ్చిన నాకు పని చేసే వీల్లేదు. అరవైమంది పిల్లలున్న క్లాసులో చివరి బెంచీకి వినపడే గొంతును తొమ్మిదేళ్ళపాటు, "అన్నం చల్లారిపోతోంది, కిందికి రండి," అని అరవడానికి వాడుకున్నాను. ఆఖరికి వర్క్ పర్మిట్ వచ్చింది. ఆ కార్డును ఫ్రిజ్‌కి మాగ్నెట్‌తో అంటించి, దాని ముందు నుంచి పదిసార్లు అటూ ఇటూ తిరిగాను. ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు.

ఆ వారమే నోవై లైబ్రరీ తలుపు మీద ఒక కాగితం చూశాను. పెద్దవాళ్ళకోసం ఆరు శనివారాల హిస్టరీ ఆట. రినైసెన్స్, అంటే నేను పాఠం చెప్పిన ఆ పునరుజ్జీవన కాలం, రోమ్ నగరం, పోప్ చనిపోయాడు. పోప్ తర్వాతి స్థాయి గురువులైన పన్నెండుమంది కార్డినల్స్‌ని లోపల పెట్టి తాళం వేస్తారు. కొత్త పోప్‌ని ఎన్నుకుంటేగాని బయటికి వదలరు. చదవడం పూర్తి కాకుండానే కౌంటర్ దగ్గరికెళ్ళి పేరిచ్చేశాను.

ఆట నడిపేది ఆ లైబ్రరీలో పనిచేసే ఒకావిడ. వెండిలాంటి జుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళద్దాలు. మొదటి శనివారం అందరం చేరాక ఒక టోపీలో ఎవరు ఏ కుటుంబపు కార్డినలో రాసిన చీటీలు వేసి తలా ఒకటి తియ్యమంది. కార్ల తలుపులు డిజైన్ చేసి రిటైరైన ఒక ఇంజనీరుకు ఓర్సీనీల చీటీ వచ్చింది. నోవైలోనే క్లినిక్ ఉన్న డెంటిస్టుకు కొలొన్నాల చీటీ వచ్చింది. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఒక యువకుడు మెడిచీ అయ్యాడు. నా చీటీ విప్పి చూసుకున్నాను. 'ఎనభయ్యేళ్ళ కార్డినల్. కీళ్ళవాతం. వెనక ఏ కుటుంబమూ లేదు.' పక్కనున్న డెంటిస్టు తొంగిచూసి, పాపం అన్నట్టు నా భుజం తట్టింది.

లైబ్రరీ ఆవిడ ఆ కుటుంబాల గురించి చెప్తుంటే ఆగలేక నేనూ రెండు మాటలు కలిపాను. ఆ రెండూ ఇరవై అయ్యాయి. క్లాసంతా నావైపు తిరిగింది. అయిపోయాక ఆవిడ నన్ను పక్కకు పిలిచి, "మీరు టీచరు కదూ? అక్టోబరు నుంచి శనివారం హిస్టరీ క్లాసు నడపడానికి నాకొక మనిషి కావాలి. పార్ట్‌టైమ్ ఉద్యోగం. మీకు ఇష్టమేనా?" అని అడిగింది. ఆవిడ అడిగింది ఇంగ్లీషులో. ఇక్కడి అమెరికన్ల మాటలన్నీ నేను తెలుగు చేసి చెప్తున్నాను.

నా గుండె ఎగిరి గంతేసింది. తొమ్మిదేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. నేను చక్కగా నవ్వి, రెండు చేతులూ అడ్డంగా ఊపి, "అయ్యో, నాకెందుకండీ? టచ్ పోయి చాలా ఏళ్ళయింది. నాకంటే తెలిసినవాళ్ళు బోలెడుమంది ఉంటారు," అన్నాను.

మన దగ్గర ఈ మాటకు అర్థం, ఇస్తే కళ్ళకద్దుకుంటాను, కాస్త బతిమాలండి అని. ఎదుటివాళ్ళు 'అదేం మాట, మీరు కాకపోతే ఇంకెవరు' అనాలి. మనం 'మీరంతగా అంటుంటే కాదనలేక' అని ఒప్పుకోవాలి. కాఫీ కప్పు దగ్గర్నుంచి పెళ్ళిసంబంధం దాకా అన్నీ ఇలాగే జరుగుతాయి. ఆవిడ మాత్రం, "ఓ, ఓకే! వెంటనే చెప్పేసినందుకు థ్యాంక్స్," అని, చేతిలోని పుస్తకంలో ఏదో కొట్టేసుకుని, చకచకా వెళ్ళిపోయింది. నేను చేతులు ఊపిన భంగిమలోనే అక్కడ నిలబడిపోయాను.

బయట కార్లో మా ఆయన హీటర్ వేసుకుని కూర్చున్నారు. ఆయనది వరంగల్.

"ఏమైంది, గట్లున్నవ్?" అన్నారు.

"ఉద్యోగం ఇస్తానంది."

"అరె, మస్తుగున్నది! ఎప్పట్నుంచి?"

"వద్దన్నాను."

ఆయన నావైపు పూర్తిగా తిరిగారు. "ఎందుకు వద్దన్నవ్?"

"మాటవరసకి అన్నానండీ! వద్దంటే వద్దనేనా? రెండోసారి అడగొద్దూ?"

ఆయన స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వారు. "ఈడ రెండోసారి ఎవ్వరడుగుతరు? వద్దంటే వద్దే. గిదేమన్న మీ ఊర్ల కాఫీ అనుకున్నవా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన మీద కాదు, ఆవిడ మీద. ఇంత మర్యాద తెలియని దేశమా అనుకున్నాను. ఇంటికి వెళ్ళేదాకా రోడ్డు మీద ఉప్పు చల్లే బండి వెనకే నిదానంగా వెళ్తూ, నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఆయన నవ్వుతూనే ఉన్నారు.

హైస్కూల్లో ఉన్న మా అమ్మాయికి ఇందులో సమస్యేమిటో అర్థం కాలేదు. "అమ్మా, నువ్వు జస్ట్ ఈమెయిల్ చెయ్యి. 'సారీ, ఐ చేంజ్డ్ మై మైండ్' అని. అంతే."

"వద్దన్న నోటితోనే మళ్ళీ ఇమ్మని ఎలా అడగనే? లోకువైపోనూ?"

"లోకువ అంటే ఏంటి?"

ఎంత ఆలోచించినా దానికి ఇంగ్లీషు మాట దొరకలేదు. వదిలేశాను.

తర్వాతి శనివారం వెళ్ళేసరికి లైబ్రరీ కౌంటర్ మీద దరఖాస్తు ఫారాలు పెట్టి ఉన్నాయి. ఆ ఉద్యోగానివే. ఆట ముగిసే ఆరో శనివారం, లైబ్రరీ మూసే అయిదు గంటలకు గడువు. ఒక్క కాగితం, అంతే. చెయ్యి చాపితే అందుతుంది. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ దాని పక్కనుంచే నడవాలి. నేను తల పక్కకు తిప్పుకుని నడిచాను. ఆవిడ రెండోసారి అడిగితే సరే, లేకపోతే లేదు. మొండితనం నాకు కొత్తేమీ కాదు.

ఆ ఉక్రోషమంతా ఆట మీద చూపించాను.

నిజం చెప్పాలంటే ఆ ఆట నాకు పూనకం తెప్పించింది. ఓర్సీనీలు, కొలొన్నాలు అంటే రోమ్‌లో తరతరాల జమీందారులు. ఒకరి డాలు మీద ఎలుగుబంటి, ఇంకొకరి డాలు మీద స్తంభం. వీళ్ళు అవునంటే వాళ్ళు కాదనాలి. పోప్ ఎవరైనా పర్వాలేదు, అవతలివాళ్ళ మనిషి మాత్రం కాకూడదు. మెడిచీలు ఫ్లారెన్స్‌లో బ్యాంకులు నడిపి పైకొచ్చినవాళ్ళు. తమ ఇంటి కుర్రాడికి పదమూడేళ్ళకే కార్డినల్ పదవి ఇప్పించుకున్న ఘనులు. ఆ కుర్రాడు పెద్దయ్యాక పోప్ కూడా అయ్యాడు. పోప్ అయినవాడు చేసే మొదటి పనుల్లో ఒకటి, మేనల్లుణ్ణో అన్న కొడుకునో కార్డినల్ చెయ్యడం. ఇదంతా వింటూ మిగతా ఆటగాళ్ళు నోళ్ళు తెరిచారు. నాకు మాత్రం చుట్టాలింటికి వెళ్ళినట్టుంది.

ఎందుకంటే కోస్తాలో మా ఊరి చర్చి సంఘంలోనూ రెండు ఇళ్ళుండేవి. మిషన్ స్కూలు వాళ్ళు, మిషన్ ఆసుపత్రి వాళ్ళు. వీళ్ళింట్లో మూడు తరాలు హెడ్మాస్టర్లు, వాళ్ళింట్లో మూడు తరాలు కాంపౌండర్లూ డాక్టర్లూ. కొత్త పాస్టరుగారు రావాలన్నా, క్రిస్మస్ నాటకంలో గాబ్రియేలు దూతగా ఎవరుండాలన్నా ఈ రెండిళ్ళ మధ్యే తేలాలి. మా నాన్న బస్సు కండక్టరు. ఏ ఇంటికీ చెందడు. కమిటీలో ఆయనకూ ఒక ఓటుండేది కాబట్టి ఎన్నికలొస్తే రెండిళ్ళవాళ్ళూ మా అరుగు మీదికి వచ్చి కూర్చునేవాళ్ళు. నాన్న అందరికీ ఒకటే మాట చెప్పేవాడు. "చూద్దాం లెండి." ఆ మాట పట్టుకుని ఇద్దరూ సంతోషంగా వెళ్ళిపోయేవాళ్ళు.

నేనూ అదే మొదలుపెట్టాను. ఇంజనీరు వచ్చి, "మా ఓర్సీనీల మనిషికి ఓటేస్తావా?" అంటే, చూద్దాం లెండి. డెంటిస్టు వచ్చి అడిగితే, చూద్దాం లెండి. ఒక్క ఓటున్న ముసలి కార్డినల్ చుట్టూ అందరూ తిరగడం మొదలుపెట్టారు. మాకు కేటాయించిన గదులంటే పుస్తకాల అల్మరాల మధ్య దుప్పట్లు కట్టి చేసిన అరలు. అవి కూడా ఆ రోజుల్లోలాగే చీటీలు తీసి పంచారు. నాకు వంటల పుస్తకాల మధ్య చోటొచ్చింది. అక్కడ కూర్చుని వేళ్ళ మీద ఓట్లు లెక్కపెట్టుకునేదాన్ని. గెలవాలంటే పన్నెండింట్లో ఎనిమిది రావాలి. ఓర్సీనీల వైపు అయిదుగురు గట్టిగా ఉన్నారు, కొలొన్నాల వైపు ముగ్గురు. వారం మధ్యలో గిన్నెలు కడుగుతూ కూడా అదే లెక్క. మా ఆయన ఏదో అడిగితే, "ఉండండీ, మెడిచీ ఎటు దూకుతాడో తేలాలి," అన్నాను.

పోప్ తేలకపోతే కార్డినల్స్ భోజనం తగ్గించడం అప్పటి నియమం. మాకూ అదే పెట్టారు. మొదటి వారాల్లో పిజ్జా, తర్వాత ఒక్క సూప్, అయిదో శనివారానికి రొట్టె, మంచినీళ్ళు. నేను హ్యాండ్‌బ్యాగులో డబ్బా నిండా సున్నుండలు పెట్టుకెళ్ళాను. లోపలికి వచ్చే భోజనంలో రహస్యపు ఉత్తరాలు దాస్తారని అప్పట్లో గిన్నెలు వెతికేవాళ్ళట. లైబ్రరీ ఆవిడ కూడా నా డబ్బా తెరిచి, ఒక సున్నుండ విరిచి చూసి, చీటీ లేదని రూఢి చేసుకుని, ఆ రెండు ముక్కలూ నోట్లో వేసుకుంది. ఆవిడ కళ్ళు మూసుకుని నములుతున్నంతసేపూ నేను ఎదురుచూశాను. ఇప్పుడడుగుతుందేమో అని. అడగలేదు. "ఇందులో నెయ్యి ఉందా?" అని మాత్రం అడిగింది.

రొట్టె కొరకలేక నీరసంగా ఉన్న కార్డినల్స్ దగ్గరికి డబ్బా పట్టుకుని అర అరకూ తిరిగాను. పవిత్రమైన పదవిని లంచమిచ్చి కొనడం మహాపాపమని ఆ కాలంలోనే శాసనాలున్నాయి. వాటిని ఆ కాలంవాళ్ళు ఎంత పాటించారో నేనూ అంతే పాటించాను. నర్సు కుర్రాడు మూడు తిన్నాడు. అంతకుముందు ఎటూ తేల్చుకోని మరో ఇద్దరు చెరో రెండు తిన్నారు. డెంటిస్టు పళ్ళకు మంచిది కాదంటూనే రెండోది తీసుకుని, "నీ ఓటు మా వైపేగా?" అంది. ఆవిడ ముఖం చూసి కాదనలేకపోయాను. మాటిచ్చేశాను.

ఆరో శనివారం వచ్చింది. పొద్దుటినుంచీ మంచు. నాలుగున్నరలోపు పోప్ తేలకపోతే ఫ్రాన్స్ రాజు సైన్యం రోమ్‌లోకి వచ్చేస్తుంది, అందరూ ఓడినట్టే అని లైబ్రరీ ఆవిడ ప్రకటించింది. కౌంటర్ మీద ఫారాలు రెండో మూడో మిగిలాయి. చూడనట్టే చూసి లోపలికెళ్ళాను.

నాలుగింటికి ఓట్లు చదివారు. ఓర్సీనీల మనిషికి అయిదు. కొలొన్నాల మనిషికి నాలుగు, అందులో ఒకటి నాదే. తర్వాత నా కార్డినల్ పేరు. ఒకటి. రెండు. మూడు. నేను కుర్చీలోంచి లేచిపోయాను. నాకు వేసినవాళ్ళా! ఎవరు? నర్సు కుర్రాడు దుప్పటి వెనకనుంచి బొటనవేలు ఎత్తి చూపించాడు. సున్నుండలు పనిచేశాయి!

ఆ రోజుల్లో ఓట్లు లెక్కించాక ఇంకో అవకాశం ఉండేది. ఎవరైనా లేచి, 'నేను ఫలానావారి వైపు మారుతున్నాను' అని చెప్పవచ్చు. దానికి ముందు పది నిమిషాల విరామం ఇచ్చారు. నేను నా అరలోకి వచ్చి కూర్చున్నానో లేదో దుప్పటి తొలగించుకుని ఇంజనీరు వచ్చాడు. ఆరడుగుల పైన ఉంటాడు, వంటల పుస్తకాల మధ్య నిలబడితే వెలుతురు ఆగిపోయింది.

"మా అయిదూ నీకు వేస్తే ఎనిమిది," అన్నాడు గుసగుసగా. "మావాడు ఎలాగూ గెలవడు. కొలొన్నాల మనిషి గెలిస్తే నేను తట్టుకోలేను. నీకు ఎనభయ్యేళ్ళు, ఎక్కువకాలం ఉండవు. మేనల్లుళ్ళ బెడదా లేదు. ఏమంటావు, పోప్‌గా ఉంటావా?"

నేను చక్కగా నవ్వాను. రెండు చేతులూ అడ్డంగా ఊపాను. "అయ్యో, నాకెందుకండీ? పెద్ద పెద్దవాళ్ళున్నారు."

"సరే, అర్థమైంది," అని ఆయన వెనక్కి తిరిగాడు.

ఆ వీపు చూశాను. అయిదు వారాల క్రితం లైబ్రరీ ఆవిడ వీపు కూడా అలాగే చకచకా దూరమైంది. నాకు ఒళ్ళు మండింది. కానీ ఈసారి దేశం మీద మండలేదు. ఎందుకంటే ఆ క్షణంలో నాకు మా నాన్న గుర్తొచ్చాడు.

ఒక ఏడాది మా సంఘ కార్యదర్శి పదవికి రెండిళ్ళ మధ్యా పొసగలేదు. పాస్టరుగారు కమిటీలో నాన్న వైపు తిరిగి, "మీరుంటారా?" అని అడిగారు. నాన్న, "నాకెందుకండీ, పెద్దలున్నారు," అన్నాడు. ఇంటికొచ్చి ఇస్త్రీ చొక్కా మార్చుకోకుండా అరుగు మీద కూర్చున్నాడు. ఒప్పించడానికి వస్తారని అమ్మ డికాక్షన్ వేసి పెట్టింది. ఎవరూ రాలేదు. మర్నాడు ఆసుపత్రివాళ్ళ పెద్దకొడుకును అడిగారు. ఆయనా వద్దన్నాడు. ఆయన మూడుసార్లు వద్దన్నాడు, మూడుసార్లూ బతిమాలి, దండ వేసి కూర్చోబెట్టారు. మా నాన్న వద్దన్నది ఒక్కసారే.

ఇన్నేళ్ళూ నేను అదేదో మన మర్యాద అనుకున్నాను, అమెరికావాళ్ళకు తెలియని మర్యాద అనుకున్నాను. కాదు. వద్దని చెప్పి బతిమాలించుకోవడం మెడిచీలకు చెల్లుతుంది, ఓర్సీనీలకు చెల్లుతుంది, ఆసుపత్రివాళ్ళ పెద్దకొడుక్కి చెల్లుతుంది. వెనక ఇల్లున్నవాణ్ణే రెండోసారి అడుగుతారు, రోమ్‌లో అయినా మా ఊళ్ళో అయినా. ఏ ఇల్లూ లేని కండక్టరు, ఏ ఇల్లూ లేని ముసలి కార్డినల్, మొదటిసారి అడిగినప్పుడే అవుననాలి. నాన్నకు ఆ సంగతి చెప్పినవాళ్ళు లేరు.

"ఆగండి!" అని అరిచాను. చివరి బెంచీకి వినపడే గొంతు అది. లైబ్రరీ అంతా ఉలిక్కిపడింది.

ఇంజనీరు ఆగాడు.

"మళ్ళీ అడగండి," అన్నాను.

"సారీ?"

"నేను చెప్పింది తప్పు. మళ్ళీ అడగండి."

ఆయన మీసాల్లో నవ్వుకుని, కావాలనే ఒక మోకాలు కాస్త వంచి, "పోప్‌గా ఉంటావా?" అన్నాడు.

"ఉంటాను."

విరామం అయిపోయింది. ఇంజనీరు లేచి, "నేను మారుతున్నాను," అన్నాడు. నాలుగు. ఆయన వెనక ఇంకొకరు. అయిదు. ఆరు. డెంటిస్టుకు విషయం అర్థమై, "ఆగండి, ఆగండి, ఇది మోసం!" అని నవ్వుతూ అరుస్తోంది. ఏడు. ఎనిమిది! నర్సు కుర్రాడు కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టాడు. లైబ్రరీ ఆవిడ నా ఎదురుగా వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, కాగితం చూస్తూ, "శాస్త్రప్రకారం జరిగిన నీ ఎన్నికను నువ్వు," అంటుండగానే, "అంగీకరిస్తున్నాను!" అనేశాను. అందరూ ఘొల్లుమన్నారు.

రోమ్‌లో ఇంకో వింత ఆచారం ఉండేదట. ఫలానా కార్డినల్ పోప్ అయ్యాడని తెలియగానే జనం ఎగబడి ఆయన ఇల్లు దోచుకునేవాళ్ళు. ఇక ఆయనకు ఆ ఇంటితో పనేముంది అని. లైబ్రరీ ఆవిడ ఆ మాట చెప్పడమే ఆలస్యం, పదకొండుమందీ నా అర మీద పడ్డారు. ముందు డెంటిస్టు. హ్యాండ్‌బ్యాగులోంచి డబ్బా లాగి మిగిలిన సున్నుండలు పంచేసింది. నా మఫ్లరు ఒకరు, గ్లవ్స్ ఒకరు పట్టుకుపోయారు. నేను కిరీటం పడిపోకుండా పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాను.

ఆ నవ్వులోనే గడియారం చూశాను. అయిదుకు పావుగంట.

లైబ్రరీ ఆవిడ దుప్పట్లు మడతపెడుతోంది. నేరుగా వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాను. పోప్ ఎన్నికలో కూడా అంత భయం వెయ్యలేదు.

"మొదటి శనివారం మీరు నన్నొక మాట అడిగారు," అన్నాను. "మళ్ళీ అడగండి."

ఆవిడ చేతిలోని దుప్పటికి ఇంకో మడత వేసింది. "క్లాసు సంగతా? వద్దన్నావుగా."

"అన్నాను. వద్దనుకుని కాదు. మీరు ఇంకోసారి అడుగుతారనుకుని."

"అయిదు వారాలనుంచీ అడుగుతాననుకుంటున్నావా?"

"అవును."

మడతపెట్టిన దుప్పటి ఆవిడ పక్కన పెట్టింది. "అక్టోబరు నుంచి శనివారం క్లాసు నడపడం నీకు ఇష్ట..."

"ఇష్టం," అన్నాను.

ఇంటర్వ్యూ ఉంటుందని, ఇంకా నలుగురు దరఖాస్తు పెట్టారని, ఏమీ మాటివ్వలేనని చెప్పింది. చెప్పనివ్వండి. కౌంటర్ దగ్గరికెళ్ళి ఫారం తీసుకున్నాను. ఆ కాగితం చేతిలో ఎంత తేలిగ్గా ఉందో! 'గత అనుభవం' అన్న చోట పదకొండేళ్ళు జూనియర్ లెక్చరర్ అని రాసేటప్పుడు పెన్ను కాగితానికి చిల్లు పెట్టేంత గట్టిగా నొక్కాను. మా ఆయన ఫోన్ చేశారు. "ఏడున్నవ్? కారు మంచుల మునుగుతున్నది."

"రెండు నిమిషాలండీ, ఫారం నింపుతున్నాను. మీతో మాట్లాడుతున్నది పోప్ అని గుర్తుంచుకోండి," అన్నాను.

"ఏ ఫారం? గదేనా?" ఆయన గొంతు మారింది. "జల్దేం లేదు. నిదానంగ నింపు. నేనీడనే ఉంట."

అయిదుకు రెండు నిమిషాల ముందు ఫారం ఇచ్చేశాను. కిరీటం ఇంకా నెత్తినే ఉందని కార్లో అద్దం చూసుకున్నాక తెలిసింది.

అక్టోబరు మొదటి శనివారం, అదే లైబ్రరీ, అదే టోపీ, అవే చీటీలు. ఈసారి టోపీ పట్టుకుని తిరుగుతున్నది నేను. ముందు వరసలో ఇంజనీరు చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. చివరి వరసలో, చీర మీద లావుపాటి స్వెటరు వేసుకున్న ఒక పెద్దావిడ ఉంది. పిల్లల పుస్తకాల దగ్గర మనవరాలిని వదిలి, మనవాళ్ళెవరో మాట్లాడుతున్నారని వచ్చి కూర్చుందట. నేను టోపీ ఆవిడ ముందు పెట్టి తెలుగులోనే, "ఒక చీటీ తియ్యండి, మీరూ ఆడుదురుగాని," అన్నాను.

"అబ్బే, నాకేం తెలుసమ్మా," అంటూ ఆవిడ నవ్వింది. చేతులు రెండూ అడ్డంగా ఊపింది. "చదువుకున్నవాళ్ళు ఇంతమంది ఉన్నారు. వాళ్ళకివ్వు."

పక్క కుర్చీలో ఆయన తన చీటీకోసం అప్పటికే చెయ్యి చాపాడు. నేను కదల్లేదు.

"మీరు కాకపోతే ఇంకెవరండీ? తియ్యండి," అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసి, కొంగుకు చెయ్యి తుడుచుకుని, టోపీలో చెయ్యి పెట్టింది.